పక్కింటి నంబరు మన ప్యాకెట్ మీద వేసుకోవచ్చా?

ప్రశ్న: అక్కా, నమస్తే. మాది తిరుపతి, కొర్లగుంట. మూడేళ్లుగా ఇంట్లోనే నిప్పట్లు, మురుకులు, చెనక్కాయల ఉండలు, పప్పుల పొడి, నిమ్మకాయ ఊరగాయ చేసి తెలిసినవాళ్లకు అమ్ముతున్నాను. ఇప్పుడు రైల్వే స్టేషన్ దగ్గర ఒక అంగడాయన తన దగ్గర పెట్టి అమ్ముతానన్నాడు. కానీ ప్యాకెట్ మీద ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (ఆహార భద్రత చూసే కేంద్ర సంస్థ) నంబరు, లేబుల్ ఉండాలంట. మా వీధిలో ఒకామెకు ఆ నంబరు ఉంది. ‘నాదే వేసుకో, ఏం కాదు’ అంటోంది. ప్రింటింగ్ ప్రెస్ వాళ్లు ఏదో కంపెనీ ప్యాకెట్ చూసి లేబుల్ తయారుచేసి ఇచ్చారు. దాంట్లో ‘100 శాతం సహజం’, ‘నిల్వ పదార్థాలు లేవు’, ‘షుగర్ ఉన్నవాళ్లూ తినొచ్చు’ అని ఉంది. పోషకాల పట్టిక ఉంది, ఆరు నెలల గడువు ఉంది. 500 స్టిక్కర్లు వేయించేశాను కూడా. ఉండలకు ‘తిరుపతి లడ్డు’ అని పేరు పెడితే యాత్రికులు ఎగబడి కొంటారని అంగడాయన సలహా. మా ఆయన మాత్రం పట్టుకుంటే జైలే అంటున్నాడు. ఒకటే టెన్షన్, రాత్రుళ్లు నిద్ర పట్టడం లేదు. ఏం చేయమంటారు?
— ఒక చెల్లెలు, తిరుపతి

జవాబు: చెల్లీ, అక్కా అని రాశావు కాబట్టి నువ్వు అనే రాస్తాను. ముందు ఆ స్టిక్కర్లు తీసి బీరువాలో పెట్టెయ్. ఒక్కటి కూడా ప్యాకెట్‌కు అంటించొద్దు. ఆ లేబుల్‌తో ఇంకా ఏదీ అంగడికి పోలేదు కదా, అంటే భయపడాల్సిందేమీ జరగలేదు. అమ్మేముందు ఆగి అడిగావు, అది చాలా మంచి పని. మీ ఆయన మాటలో కొంత నిజం ఉంది, దాని గురించి చివర్లో రాస్తాను.

నేను చిత్తూరు దగ్గర ఒక మామిడి గుజ్జు ఫ్యాక్టరీ ల్యాబులో 18 ఏళ్లు పనిచేశాను. అక్కడ డబ్బా మీద ఒక్క అంకె వేయాలన్నా దాని వెనక రిజిస్టరులో ఒక లెక్క ఉండాల్సిందే. తోతాపురి కాయ ఏ రోజు దిగింది, ఏ బ్యాచ్‌లో ఉడికింది, తీపి ఎన్ని బ్రిక్స్, పులుపు ఎంత, అన్నీ రాసుకునేవాళ్లం. ఆ అలవాటుతో నీ ఉత్తరం చదివితే నాకు ఒకటే కనిపించింది. ఆ లేబుల్ మీద నీ వంటింటి గురించి ఒక్క ముక్క కూడా లేదు. నంబరు పక్కింటామెది, పట్టిక ఏదో కంపెనీది, ఆరు నెలలు ప్రెస్ వాళ్లు వేసింది, పేరేమో దేవస్థానానిది. స్టేషన్‌లో రైలు దిగి నీ ప్యాకెట్ కొనే మనిషి నీ ఇంటికొచ్చి బాణలి చూడలేడు, నూనె వాసన చూడలేడు. అతనికి ఆ చిన్న కాగితం తప్ప వేరే ఆధారం లేదు. అందుకే ఒక్కొక్క వరుస తీసుకుని, దాన్ని నీ ఇంటి లెక్కతో ఎలా నింపాలో చెబుతాను.

ముందు నంబరు సంగతి. ఆ 14 అంకెలు ఒక మనిషికి, ఒక చిరునామాకు, అక్కడ చేసే సరుకు రకానికి ఇచ్చినవి. మొదటి అంకె 1 అయితే లైసెన్సు, 2 అయితే చిన్న వ్యాపారులకు ఇచ్చే రిజిస్ట్రేషన్. తర్వాతి రెండు అంకెలు రాష్ట్రాన్ని, ఆ తర్వాతి రెండు సంవత్సరాన్ని చెబుతాయి. ఎవరైనా ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ వాళ్ల ఫోస్కోస్ పోర్టల్ తెరిచి ఆ నంబరు కొడితే అది ఎవరిదో బయటపడుతుంది. నీ ప్యాకెట్ తిని ఎవరికైనా కడుపు పాడైందనుకో, అధికారులు నేరుగా ఆమె ఇంటికి పోతారు. ఆమె వంటింట్లో వెతికితే ఏం దొరుకుతుంది? అసలు తప్పు జరిగిన చోటు తెలిసేలోపు అదే రోజు చేసిన మిగతా ప్యాకెట్లు ఇంకో పది ఇళ్లకు చేరతాయి. ఆమె మంచి మనసుతోనే ఇస్తానని ఉంటుంది. ఆమెకు కృతజ్ఞతలు చెప్పు, నంబరు మాత్రం తీసుకోవద్దు.

నీ నంబరు నువ్వు తెచ్చుకోవడం అంత కష్టం కూడా కాదు. ఆహార భద్రత, ప్రమాణాల చట్టం 2006లో వచ్చింది, దాని కింద నిబంధనలు 2011 ఆగస్టు 5 నుంచి అమలయ్యాయి. ఆ నిబంధనల్లో ఏడాదికి 12 లక్షల రూపాయల లోపు అమ్మకం ఉన్నవాళ్లకు లైసెన్సు అక్కర్లేదు, రిజిస్ట్రేషన్ చాలన్నారు. ఫీజు ఏడాదికి 100 రూపాయలని పెట్టారు. ఇంట్లో చేసుకుని అమ్మే మనలాంటి ఆడవాళ్లు దాదాపు అందరూ ఇందులోకే వస్తారు. ఫారం ‘ఎ’ నింపాలి, ఫొటో, గుర్తింపు కార్డు జతచేయాలి, అంతా ఆన్‌లైన్‌లోనే. దరఖాస్తు చేసే రోజు పోర్టల్‌లో కనిపించే పరిమితి, ఫీజు ఒకసారి చూసుకో. బయట ఎవరైనా ‘నేను చేయిస్తా, వేలు ఖర్చవుతుంది’ అంటే వాళ్ల మాట నమ్మొద్దు. అధికారి వచ్చి వంటిల్లు చూడొచ్చు. నీళ్లు ఎక్కడివి, పిండి ఎక్కడ పెడుతున్నావు, ఎలుకలు, బొద్దింకలు రాకుండా ఏం చేశావు, తల గుడ్డ కట్టుకుంటున్నావా అని అడుగుతారు. మూడేళ్లుగా చేస్తున్నదానివి, వీటికి జవాబు చెప్పలేనిదానివి కాదు.

పేరు విషయంలో అంగడాయన మాట అస్సలు వినొద్దు. ‘తిరుపతి లడ్డు’ అన్న పేరుకు 2009లో జీఐ అనే భౌగోళిక గుర్తింపు వచ్చింది, అది తిరుమల తిరుపతి దేవస్థానం పేరు మీద ఉంది. ఇంకొకరు తమ సరుకు మీద ఆ పేరు వేసుకోవడానికి వీల్లేదు. చట్టం సంగతి అటుంచి ఇంకోటి ఆలోచించు. దర్శనానికి వచ్చిన ముసలామె అది శ్రీవారి ప్రసాదమనుకుని కొంటుంది, ఊరికి తీసుకెళ్లి కళ్లకద్దుకుని అందరికీ పంచుతుంది. ఆమెను అలా మోసపోనివ్వడం నీకు ఇష్టమా? చెనక్కాయ బెల్లం ఉండలంటే మన జిల్లాలో ఎవరికి తెలియదు! ఆ పేరే పెద్దక్షరాల్లో రాయి.

ముందువైపు పెద్ద పేరు, వెనకవైపు చిన్న అక్షరాల్లో అసలు విషయం అనే పద్ధతి ఎంత చెడు చేస్తుందో ఈమధ్యే చూశాం. కొన్ని తీపి పానీయాలు తమ పేర్లలో ‘ఓఆర్‌ఎస్’ అని పెట్టుకుని, ఇది వైద్యానికి వాడే ఓఆర్‌ఎస్ కాదని ఎక్కడో చిన్నగా రాసుకునేవి. విరేచనాలైన పిల్లలకు తల్లిదండ్రులు అవే తాగించేవాళ్లు. హైదరాబాద్‌లోని పిల్లల వైద్యురాలు డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి దీని మీద పోరాడారు. చివరికి 2025 అక్టోబరులో ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఆ మాటను అలాంటి పానీయాల పేర్లలో వాడకూడదని ఆదేశించింది. ఆ వార్త చదివిన రోజు నాకు ఎంత సంతోషమైందో చెప్పలేను.

ఇక నీ లేబుల్ మీది మూడు గొప్ప మాటలు. వీటిలో నన్ను బాగా భయపెట్టింది ‘షుగర్ ఉన్నవాళ్లూ తినొచ్చు’. బెల్లంలో కూడా ఎక్కువ భాగం సుక్రోజే, చక్కెరలో ఉండేదే. ఇనుము కొంచెం, ఖనిజాలు కొంచెం ఉండొచ్చు గానీ రక్తంలో గ్లూకోజు పెరగడానికి అవేవీ అడ్డం కావు. నీ మాట నమ్మి షుగర్ ఉన్న పెద్దాయన రోజుకు నాలుగు ఉండలు తింటే ఏమవుతుంది? ఒక జబ్బుకు మంచిదనో, ఆ జబ్బున్నా తినొచ్చనో రాయాలంటే దానికి శాస్త్రీయ ఆధారం, అనుమతి కావాలి. తప్పుదారి పట్టించే ప్రకటనకు చట్టంలో 10 లక్షల రూపాయల దాకా జరిమానా ఉంది. ఆ వాక్యం తీసెయ్.

‘100 శాతం’ అనే మాట వాడొద్దని 2025 మే నెలలో ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ వ్యాపారులందరికీ సూచించింది. ‘నిల్వ పదార్థాలు లేవు’ అన్నది నీ దృష్టిలో నిజమే, నువ్వు ఏ పొడీ కలపలేదు. కానీ ఊరగాయను నిల్వ ఉంచేది ఏమిటి? ఉప్పు, నూనె, నిమ్మ పులుపే కదా. మన దేశపు పాత ఆహార నిబంధనల్లో ఉప్పు, చక్కెర, మసాలా దినుసులు, వెనిగర్, తేనె, వంట నూనెలను మొదటి తరగతి నిల్వ పదార్థాలుగానే లెక్కపెట్టారు. కాబట్టి గొప్పలు అక్కర్లేదు. ‘నిమ్మకాయలు, ఉప్పు, కారం, నూనె, మెంతులు, ఆవాలు, పసుపు, ఇంగువ’ అని పదార్థాల పట్టిక ఉంటే, చదివినవాళ్లకే అర్థమవుతుంది అందులో ఇంకేమీ లేదని.

ఆ పట్టికకు ఒక పద్ధతుంది. తయారీలో ఏది ఎక్కువ బరువు పడితే అది ముందు రావాలి, తక్కువది చివర. అందుకని ఈ వారం నువ్వు చేసే ప్రతి వంటకానికి ప్రతి దినుసూ తూకం వేసి ఒక నోటుబుక్కులో రాసుకో. ‘పిడికెడు’, ‘చారెడు’ మన చేతికి తెలుసు గానీ లేబుల్‌కు గ్రాములే కావాలి. ఒకసారి తూచి రాసుకుంటే రుచి కూడా ప్రతిసారీ ఒకేలా వస్తుంది, అది నీకు అదనపు లాభం.

ఇక్కడే ఒక చిన్న విషయం నీ నిప్పట్లలో, మురుకుల్లో దాక్కుని ఉంది. ఇంగువ. అంగట్లో దొరికే ఇంగువ పొడిలో చాలావరకు గోధుమ పిండో మైదానో కలిపే ఉంటుంది, డబ్బా వెనక చదివి చూడు. బియ్యప్పిండి మురుకులే కదా అని గోధుమలు పడని మనిషి ధైర్యంగా తింటే ఇబ్బంది పడతాడు. వేరుశనగ అయితే ఇంకా తీవ్రం. కొందరు పిల్లలకు ఒక్క గింజ తిన్నా గొంతు వాచి ఊపిరాడదు. గ్లూటెన్ ఉండే గోధుమ లాంటి ధాన్యాలు, పాలు, గుడ్లు, చేపలు, రొయ్యలు పీతల్లాంటివి, వేరుశనగ, జీడిపప్పు లాంటి గింజలు, సోయా, కొంత మోతాదు దాటిన సల్ఫైట్లు ఉంటే లేబుల్ మీద విడిగా ‘ఇందులో ఫలానాది ఉంది’ అని చెప్పాలన్నది నిబంధన. నీ పప్పుల పొడిలో చెనిగ్గింజలు వేయకపోవచ్చు. కానీ ఉండల కోసం గింజలు ఆడించిన మిక్సీలోనే పొడి కూడా ఆడిస్తే, ‘వేరుశనగ కలిసి ఉండొచ్చు’ అని రాయాలి. వీలైతే పొడికి వేరే జారు పెట్టుకో. ఈ ఒక్క వరుసనూ తెలుగులో కూడా రాయమని నిన్ను బతిమాలుతున్నాను. చట్టం ప్రకారం లేబుల్ వివరాలు ఇంగ్లీషులో గానీ దేవనాగరి లిపిలో హిందీలో గానీ ఉంటే చాలు. వేరే భాష అదనంగా వేసుకోవచ్చు, తప్పనిసరి కాదు. మన ఊళ్లో తయారై మన ఊళ్లో అమ్ముడుపోయే ప్యాకెట్ మీద మన అమ్మమ్మ చదవగలిగే అక్షరం ఒక్కటీ ఉండదంటే నాకు నిజంగా బాధేస్తుంది.

చెనక్కాయల మాట వచ్చింది కాబట్టి ఇంకోటి. తవ్విన కాయ ఎండేటప్పుడు వానలో తడిసినా, గోతాల్లో చెమ్మ తగిలినా బూజు పడుతుంది, ఆ బూజు అఫ్లాటాక్సిన్ అనే విషాన్ని వదులుతుంది. అది కాలేయానికి చెడు చేస్తుంది. వేయించినా పూర్తిగా పోదు. నేరుగా తినే గింజల్లో కిలోకు 10 మైక్రోగ్రాములు మించకూడదని పరిమితి ఉంది. ఇంట్లో మనం కొలవలేం గానీ చేయగలిగింది ఒకటుంది. ముడుచుకుపోయినవి, నల్లబడినవి, బూజు పట్టినవి చేత్తో ఏరెయ్యాలి, నాలుక మీద చేదు తగిలిన గింజల గోతాన్ని వెనక్కిచ్చెయ్యాలి. బెల్లం కూడా మరీ తెల్లగా, పసుపుగా మెరిసేది తీసుకోవద్దు, రంగు తేలడానికి హైడ్రోస్ అనే రసాయనం వేస్తారు. చిత్తూరు బెల్లం మండీలో ముదురు రంగు బెల్లం అడిగి తీసుకో.

ఇప్పుడు అన్నిటికన్నా ముఖ్యమైన తేదీ. ఆరు నెలలని ఎవరు చెప్పారు? ప్రెస్ వాళ్లు చూసిన కంపెనీ ప్యాకెట్‌లో లోపల వెండిరంగు పొర ఉంటుంది, గాలి తీసి నైట్రోజన్ నింపుతారు, వాళ్ల సరుకు ల్యాబులో నెలల తరబడి పరీక్షలో ఉంటుంది. నీది మామూలు ప్లాస్టిక్ కవరు, కొవ్వొత్తి మీదో చిన్న మెషిన్‌తోనో మూత వేసింది. నిప్పట్లకు ఇద్దరు శత్రువులు. చెమ్మ తగిలితే మెత్తబడతాయి. గాలి, వెలుతురు, వేడి తగిలితే నూనె పాడై కంపు కొడుతుంది. పైగా తిరుపతిలో మే నెల ఎండ 40 డిగ్రీలు దాటుతుంది, స్టేషన్ దగ్గర అంగట్లో ప్యాకెట్లు ముందు వరుసలో ఎండకే వేలాడతాయి. కొన్నవాళ్లు వాటిని సంచిలో అడుగున పెట్టి, రెండు రాత్రులు రైల్లో పోయి, ఊళ్లో వారం తర్వాత విప్పుతారు. నువ్వు వేసే తేదీ ఆ ప్రయాణాన్నంతా తట్టుకోవాలి.

అందుకని ఇలా చెయ్. ఒకే రోజు చేసిన నిప్పట్లు 12 ప్యాకెట్లు అమ్మకుండా పక్కన పెట్టు. ఆరింటిని వంటింటి అల్మారాలో పెట్టు, ఆరింటిని అంగట్లో ఎలా ఉంటాయో అలా, వేడీ వెలుతురూ తగిలే చోట పెట్టు. వారానికొకసారి రెండు చోట్ల నుంచీ ఒక్కోటి విప్పు. వాసన, కరకర, రుచి చూసి తేదీ వేసి రాసుకో. నువ్వొక్కదానివే చూడొద్దు, ఇంట్లో ఇంకో ఇద్దరికి ఏ ప్యాకెట్ ఎప్పటిదో చెప్పకుండా తినిపించు. ఎండ తగిలిన ప్యాకెట్‌లో మొదటిసారి ‘ఏదో తేడాగా ఉంది’ అని ఎవరైనా అన్న రోజును గుర్తుపెట్టుకుని, దానికి బాగా ముందున్న తేదీనే నీ గడువుగా వెయ్. అది నాలుగు వారాలే వస్తే నాలుగు వారాలే రాయి. సిగ్గుపడాల్సిందేమీ లేదు. కవరు మందం మారినా, నూనె మారినా మళ్లీ మొదటినుంచీ చూడాలి. ఆరు వారాలు దాటినా బాగానే ఉంటే ఇంకొన్ని ప్యాకెట్లతో కొనసాగించు. ఊరగాయకు, ఉండలకు మాత్రం రుచి ఒక్కటే చాలదు, కంటికి కనిపించని సూక్ష్మజీవులు ఉంటాయి. వాటికి ల్యాబు పరీక్ష చేయించాకే ఎక్కువ గడువు వెయ్. ఊరగాయలో పులుపు కొలిచే పీహెచ్ (పులుపు పెరిగే కొద్దీ ఈ అంకె తగ్గుతుంది) 4.6 కంటే తక్కువ ఉండాలి. ఆ అంకె అంతకంటే ఎక్కువుంటే బొటులిజం అనే ప్రాణాంతక జబ్బు తెచ్చే సూక్ష్మజీవి పెరిగే ప్రమాదం ఉంది. మా ల్యాబులో రోజూ ఉదయం మొదటి పని ఆ మీటరు సరిచూడడమే.

తేదీ రాసే తీరు కూడా చెబుతాను. తయారైన తేదీ లేదా ప్యాక్ చేసిన తేదీ, గడువు ముగిసే తేదీ రెండూ ఉండాలి. 2020 లేబులింగ్ నిబంధనల్లో గడువు తేదీ తప్పనిసరి అయింది. ‘ఈ తేదీలోపు బాగుంటుంది’ అనే బెస్ట్ బిఫోర్ కావాలంటే అదనంగా వేసుకోవచ్చు. స్టిక్కరు మీద ముందే అచ్చువేయించకుండా ఖాళీ వదిలి, ప్యాక్ చేసిన రోజు చెరగని సిరాతో ముద్ర వెయ్. ప్యాకెట్ బయటినుంచి కనిపించే చోట ఉండాలి, మూత కుట్టిన మడతలో దాగిపోకూడదు.

నూనె గురించి కూడా ఇక్కడే. నిప్పట్లు వేయించిన నూనెను మళ్లీ మళ్లీ కాచితే సరుకు తొందరగా పాడవుతుంది. నూనె కాగేకొద్దీ అందులో పుట్టే పోలార్ పదార్థాలు 25 శాతం దాటితే ఆ నూనె వాడకూడదని 2018 జులై 1 నుంచి నిబంధన ఉంది. నీ దగ్గర కొలిచే పరికరం ఉండదు కాబట్టి, రంగు నల్లబడినా, నురగ ఎక్కువైనా, పొగ తొందరగా వచ్చినా పారబోయ్. వేడి నిప్పట్లను నూనె పీల్చడానికి పాత పేపర్ల మీద వేసే అలవాటుంటే ఈ రోజే మానెయ్. 2018 ప్యాకేజింగ్ నిబంధనలు న్యూస్‌పేపరులో ఆహారం పెట్టడాన్ని నిషేధించాయి, ఆ సిరా వేడి నూనెతో సరుకులోకి దిగుతుంది.

పోషకాల పట్టిక. కంపెనీది ఎత్తిరాయడం అబద్ధం రాయడంతో సమానం. నూరు గ్రాములకు ఎన్ని కేలరీలు, ప్రొటీను, పిండి పదార్థం, మొత్తం చక్కెర, పైన కలిపిన చక్కెర, కొవ్వు, అందులో శాచురేటెడ్, ట్రాన్స్ కొవ్వు, కొలెస్టరాల్, సోడియం, ఇవన్నీ నీ వంటకానికి నీవే వస్తాయి. ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ గుర్తించిన ల్యాబుకు నమూనా పంపి చేయించుకో. ఐదు రకాలకూ ఒకేసారి చేయిస్తే ఖర్చు మీద పడుతుంది, అందుకే అంగడికి మొదట రెండు రకాలే పంపమంటాను. ఈ పట్టిక ఎవరు చూస్తారులే అనుకోకు. నీ ఊరగాయలో నూరు గ్రాములకు 12 గ్రాముల ఉప్పు ఉందనుకుందాం. ఉప్పులో సుమారు 39 శాతం సోడియం, అంటే నూరు గ్రాములకు దాదాపు 4,700 మిల్లీగ్రాములు. లేబుల్ లెక్కల్లో మనిషికి రోజుకు 2,000 మిల్లీగ్రాముల సోడియం అని తీసుకుంటారు. అన్నంలోకి 15 గ్రాముల ఊరగాయ వేసుకుంటే 700 మిల్లీగ్రాములు, రోజు మొత్తంలో మూడో వంతు ఒక్క ముద్దలోనే పోయింది. బీపీ ఉన్న మనిషికి ఈ అంకె ఎంత పనికొస్తుందో చూడు. కంపెనీ ప్యాకెట్ నుంచి ఎత్తిన అంకె అతన్ని తప్పుదారి పట్టిస్తుంది.

ప్రెస్ వాళ్లు నీ లేబుల్‌లో బ్యాచ్ నంబరుకు చోటే పెట్టినట్టు లేదు, నువ్వూ రాయలేదు. దాన్ని తేలిగ్గా తీసుకోవద్దు. మా ఫ్యాక్టరీలో ఒక సీజన్‌లో కొన్ని డబ్బాలు ఉబ్బాయి. గోదాములో వేల డబ్బాలు, ఏవి తినదగ్గవో ఏవి కావో బయటినుంచి తెలియదు. డబ్బా మీది కోడ్ చూసి, రిజిస్టరు తిరగేసి, అన్నీ ఒకే రాత్రి షిఫ్టులో ఒకే మూత మెషిన్ మీద పోయినవని రెండు గంటల్లో కనుక్కున్నాం. ఆ షిఫ్టు సరుకు మొత్తం పక్కకు తీశాం, మిగతాది ఆగలేదు. నీకు పెద్ద కోడ్ అక్కర్లేదు. తేదీ, ఆ రోజు ఎన్నో వాయో వేస్తే చాలు. నోటుబుక్కులో ఆ నంబరు ఎదురుగా ఏ గోతం పిండి, ఏ డబ్బా నూనె, ఏ అంగడికి ఎన్ని ప్యాకెట్లు పోయాయో రాసుకో. ఎవరైనా ఫోన్ చేసి ‘ప్యాకెట్ బాగాలేదు’ అంటే, ముందు ఆ నంబరు అడుగు.

మిగతావి తొందరగా చెప్పేస్తాను. పచ్చ గీతల చదరంలో పచ్చ చుక్క శాకాహార గుర్తు, అది ఉండాలి. నీ పేరు, పూర్తి చిరునామా, ఫిర్యాదు చేయడానికి ఫోన్ నంబరు ఉండాలి. నికర బరువులో సీసా, కవరు బరువు కలపకూడదు. అన్ని పన్నులతో కలిపిన ఎంఆర్‌పీ, దాంతోపాటు గ్రాముకు ఎంతో కూడా వేయాలి. 200 గ్రాములు 90 రూపాయలైతే గ్రాముకు 45 పైసలు. అచ్చయిన ధర మీద ఎక్కువ ధర స్టిక్కరు అంటించకూడదు. బరువు, ధరల ఈ లెక్కలు చూసేది తూనికలు కొలతల శాఖ. ప్యాకింగ్ మొదలుపెట్టిన 90 రోజుల్లోపు ఆ శాఖలో ప్యాకరుగా పేరు నమోదు చేయించుకోవాలి. నీ ఎలక్ట్రానిక్ కాటాకు ఏటా ముద్ర వేయించు.

ఇప్పుడు మీ ఆయన భయం. లేబుల్ తప్పుగా ఉన్న సరుకును చట్టం మిస్‌బ్రాండెడ్ అంటుంది. దానికి 3 లక్షల రూపాయల దాకా జరిమానా వేయొచ్చు, తప్పు సరిదిద్దమని గానీ సరుకు నాశనం చేయమని గానీ ఆదేశించొచ్చు. ఈ కేసులను మన రాష్ట్రంలో జాయింట్ కలెక్టర్ విచారిస్తారు, జరిమానాతో పోయేవి ఇవి. ఆహార చట్టంలో జైలు మాట ముఖ్యంగా వచ్చేది తిన్నవాళ్లకు హాని చేసే సరుకు అమ్మినప్పుడు. అధికారి నమూనా తీస్తే దాన్ని నాలుగు భాగాలు చేస్తారు. ఒకటి ఫుడ్ అనలిస్టుకు పోతుంది. నువ్వు అడిగితే ఒక భాగాన్ని గుర్తింపు ఉన్న ఇంకో ల్యాబుకు నీ ఖర్చుతో పంపించుకునే హక్కు ఉంది. అనలిస్టు రిపోర్టు నచ్చకపోతే 30 రోజుల్లో అప్పీలు చేసుకోవచ్చు. ఇవన్నీ తెలిసుంటే అధికారి గుమ్మంలో నిలబడ్డప్పుడు కాళ్లు వణకవు. నోటుబుక్కు చేతికిచ్చి మాట్లాడొచ్చు.

కొనేవాళ్లు కూడా ఈ పేజీ చదువుతారు కాబట్టి వాళ్ల కోసం రెండు మాటలు. ప్యాకెట్ మీద అనుమానం వస్తే ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నంబరు 1800112100కు గానీ, వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు గానీ ఫోన్ చేయండి. ప్యాకెట్ పారేయకండి, బిల్లుతో పాటు దాచండి. కొనేటప్పుడే అంగడాయనకు చెప్పి, ఫీజు కట్టి, ఆ సరుకును ఫుడ్ అనలిస్టు చేత పరీక్ష చేయించుకునే హక్కు మామూలు కొనుగోలుదారుకు కూడా చట్టంలో ఉంది.

చెల్లీ, వరుసగా ఇలా చెయ్. ఈ వారం రిజిస్ట్రేషన్‌కు దరఖాస్తు పెట్టు, దినుసులు తూచి రాసుకో, నిప్పట్ల ప్యాకెట్లు 12 పరీక్షకు పెట్టు. అంగడాయనకు రెండు నెలలు ఆగమని చెప్పు. ఆయనకు నీ చేతి రుచి నచ్చే అడిగాడు కదా, ఆగుతాడు. ముందు నిప్పట్లు, పప్పుల పొడి పంపు, ఉండలూ ఊరగాయా ల్యాబు రిపోర్టు వచ్చాక చూద్దాం. కొత్త లేబుల్ రాసుకున్నాక ప్రెస్‌కు ఇచ్చేముందు ఒక ఫొటో తీసి నాకు పంపు, చదివి చెబుతాను. ఈసారి 500 వేయించొద్దు, 50 చాలు. పరీక్షలో నీ గడువు తేదీ మారితే మళ్లీ వేయించుకోవాల్సి వస్తుంది.